బొంతా, రాట్నమూ, బుల్లి మగ్గమూ



బొంత అనే మాట వింటేనే మనలో చాలామందికి చిన్నచూపు. పెళ్ళి సంబంధాల దగ్గర "గంతకు తగ్గ బొంత" అని యెకసక్కెంగా అనేస్తాం. బొంత అంటే కొనుక్కోలేనివాళ్ళు కుట్టుకొనేది అని మన వుద్దేశం. రాట్నం అంటే గాంధీగారి బొమ్మలో కనిపించేది. మగ్గం అంటే చేనేతవారి యింట్లో గుంట తవ్వి అమర్చుకొనేది. పట్నంలో రెండు గదుల వాటాలో కాపురం చేసుకొనే మనకు వీటితో యేం పని అని మీరు అడగవచ్చు. పని వున్నదనే యీ పూట చెప్పదలచుకొన్నాను.

అయితే ముందుగా ఒక మాట. వీటివల్ల మీకు డబ్బు మిగులుతుందని నేను చెప్పబోవడం లేదు. ఆడవాళ్ళ చేతిపనుల గురించి యెవరు మాట్లాడినా "తీరిక వేళల్లో నాలుగు డబ్బులు" అనే మాటతోనే మొదలుపెడతారు. నాకది మొదటినుంచీ నచ్చదు. మగవారు పేకాడుకొన్నా, రోజంతా క్రికెట్టు చూసినా, "దీనివల్ల యింటికి యెంత వస్తుందండీ?" అని యెవరూ అడగరు. మనం సూదీ దారం పట్టుకొంటే మాత్రం వెంటనే లెక్క తీస్తారు. ఆ లెక్కే చూస్తే బజార్లో దుప్పటి చవక, మిల్లు తువ్వాలు యింకా చవక. అయినా చేయమంటున్నాను. అందులో వున్న సంతోషం కోసం చేయమంటున్నాను. ఆ సంతోషం వెనకే యింకొకటి కూడా వస్తుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు బొంత చూద్దాం. దీనికి పాత నూలు చీరలు కావాలి. నూలువే కావాలి సుమా. నైలాను, పాలియెస్టరు చీరలు చేతికి యెంత మెత్తగా తగిలినా బొంతకు పనికిరావు. అవి చెమట పీల్చవు. ఒక పొర మీద ఇంకొక పొర నిలవకుండా జారిపోతుంది. ఉతికి వుతికి రంగు వెలిసిన నేతచీర వున్నదే, దాన్ని మించిన బట్ట లేదు. కొత్త బట్టతో కుడితే మొదటి వుతుకులోనే కుంచించుకుపోయి కుట్ల మధ్య ముడతలు తేలుతుంది. పాత చీర కుంచించుకోవలసిందంతా యెన్నడో కుంచించుకొని వుంటుంది. పసిపిల్లల పక్కకు అమ్మమ్మ చీరతో కుట్టిన బొంతే వేయాలని పెద్దవాళ్ళు పట్టుబట్టడం వుత్త ఆచారం కాదు. ఆ గుడ్డకు గరుకు వుండదు, గంజి వుండదు, చెమట పీలుస్తుంది, ఆరేస్తే జాములో ఆరిపోతుంది. ఎర్రచీరగానీ ముదురు నీలం చీరగానీ వాడేటట్లయితే మాత్రం ఒక మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడండి. రంగు అంటుకొంటే దాన్ని పక్కన పెట్టేయండి.

బొంత కుట్టాలంటే చీరల్ని ముక్కలు చేయాలని చాలామంది అనుకొంటారు. అక్కరలేదు. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేయండి, ఒక్కో మడత రెండు మీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది. ఒక మనిషి పడుకోవడానికి అది చాలు. రెండు చీరలయితే ఆరు పొరలు. గట్టిగా వున్న చీరను కింద పరచి, నలిగిపోయిన చీరను మూడు మడతలుగా దాని మీద వేసి, గట్టి చీరలో మిగిలిన భాగాన్ని పైకి తిప్పి కప్పాలి. అంచులు లోపలికి మడిచేయాలి. అంతే, ఒక్క కత్తెర గాటు వుండదు.

ఈ సంగతి నాకు తెలిసి వుండబట్టి మా యింట్లో ఒక చిక్కు తీరింది. మా అత్తగారు పోయిన తర్వాత ఆవిడ నేతచీరలు ఏడు మిగిలాయి. కట్టుకొందామంటే మడతల దగ్గర పిగిలిపోతున్నాయి. ఎవరికైనా ఇచ్చేద్దామంటే అంత పాతవి ఇవ్వడానికి చేతులు రావు. పెట్టెలో వుంచితే పెట్టెలోనే పొడిపొడి అవుతాయి. బొంతలు కుడదామంటే మా ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకొని, "అమ్మ చీరలకు కత్తెర పెడతావా వదినా?" అన్నది. పెట్టనమ్మా, పెట్టనక్కరలేదు అని చాప మీద పరచి మడతలు వేసి చూపించాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే సూదిలో దారం యెక్కించింది. ఆరు చీరలతో మూడు బొంతలయ్యాయి. ఏడోది, ఆవిడ యెక్కువగా కట్టుకొన్న నేరేడుపండు రంగు చీర, ఆడపడుచు అలాగే తన పెట్టెలో పెట్టుకొన్నది. దాన్ని కుట్టుదామని నేనూ అనలేదు.

కుట్టడం పెద్ద విద్య కాదు. పొరలు పరచిన తర్వాత ముందు నడుమ నుంచి నాలుగు వైపులకూ పెద్ద పెద్ద టాకాలు వేసుకోవాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ నడుమకు వుబ్బి వస్తుంది. ఆ పైన లావుపాటి సూదితో, లోపలికీ బయటికీ వెళ్ళే తిన్నని కుట్టు, నిలువునా ఒక వరుస, అంగుళం యెడంలో ఇంకొక వరుస. వేలికి అంగుస్తాను పెట్టుకోండి, ఆరు పొరలలో నుంచి సూదిని నెట్టేటప్పటికి వేలు కందిపోతుంది. బొంత వెడల్పు 43 అంగుళాలు వుందనుకొంటే 43 వరుసలు. అంటే 77 మీటర్ల కుట్టు. ఈ అంకె చూసి భయపడకండి. రోజుకు రెండు వరుసలు వేసుకొంటే మూడు వారాల పని. ఇద్దరు చెరొక పక్కన కూర్చుంటే కబుర్లలోనే అయిపోతుంది. మా ఆడపడుచు కుట్టు చీమల బారులా సన్నగా వుంటుంది, నాది కాస్త పొడుగు. ఆ బొంతల మీద యెవరు యెక్కడ కూర్చుని కుట్టారో యీనాటికీ చెప్పవచ్చు.

బొంతను చిన్నచూపు చూసేవారికి ఒక సంగతి చెప్పాలి. వంగదేశంలో యీ పాత చీరల పొరల మీదే పువ్వులూ ఏనుగులూ రథాలూ కుట్టి "కాంథా" అన్నారు. పాత చీరల అంచుల నుంచి లాగిన రంగుదారాలతోనే ఆ బొమ్మలు కుట్టేవారు. ఇప్పుడు ఆ పాత కాంథాలు మ్యూజియంలలో అద్దాల వెనక వున్నాయి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలని, పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి వున్నారు. ఆ స్త్రీలు రంగురంగుల ముక్కలతో బొంత కుడతారు. మనలా నడుమ నుంచి కాక అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుమకు చేరతారు. నాలుగు మూలలా గుడ్డను మడిచి పువ్వులా కుడతారు. ఆ మూల పువ్వులు లేకపోతే వారి కంటికి బొంత పూర్తి కానట్టే. అవసరానికి కుట్టుకొనే దుప్పటిలో పువ్వు యెందుకు? కుట్టే మనిషికి సంతోషం కాబట్టి.

ఇక నూలు వడకడం. మాకు చేతకాదని యెవరైనా అంటే నేను ఒప్పుకోను. దీపానికి వత్తులు చేయని యిల్లాలు మనలో యెంతమంది? కార్తీక మాసంలో 365 వత్తులు చేసినవారున్నారు. లక్షవత్తుల నోము పట్టి లక్షా లెక్కపెట్టినవారున్నారు. దూదిని వేళ్ళతో లాగి, మెలిపెట్టి వత్తి చేయడమే వడకడంలో మొదటి పాఠం. ఆ మెలిక ఆగకుండా సాగుతూ పోతే నూలు అవుతుంది. జంధ్యాల కోసం తకిలీ మీద నూలు వడికిన ముసలివారు మన యిళ్ళలోనే వుండేవారు. మన భాషలోనూ ఆ ఆనవాళ్ళు మిగిలే వున్నాయి. "ఏకై వచ్చి మేకై కూర్చున్నది" అని యెవరి మీదనో కోపం వచ్చినప్పుడు అంటాం గదా, ఆ ఏకు యేమిటో యెప్పుడైనా ఆలోచించారా? శుభ్రం చేసిన దూదిని పుల్ల మీద మెత్తగా చుట్టి తీసిన చుట్టే ఏకు. దాన్నుంచే నూలు లాగుతారు. "కదురాడితే కవ్వమాడుతుంది" అన్నారు. ఇల్లాలి రాట్నపు కదురు తిరిగితేనే ఆ యింట పాడి నిలిచిన రోజులవి.

గాంధీగారి రాట్నం కథలో మనకు పనికివచ్చే సంగతి ఒకటుంది. చేతినూలు గురించి అంత రాసిన ఆయన, 1915లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చేనాటికి రాట్నాన్ని కళ్ళతో చూడలేదని తన ఆత్మకథలో తానే చెప్పుకొన్నారు. ఆశ్రమంలో మగ్గాలు పెట్టారుగానీ నేయడానికి మిల్లునూలే తెచ్చుకోవలసి వచ్చింది. 1917లో భరూచ్ సభలో గంగాబెన్ మజుందార్ అనే వితంతువు ఆయనకు పరిచయమైంది. రాట్నాన్ని నేను వెతికి తెస్తానని మాట యిచ్చి, గుజరాతంతా గాలించి చివరకు బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో కనిపెట్టింది. రాట్నాలు యెక్కడున్నాయనుకొన్నారు? ఇళ్ళలోనే, అటకల మీద, పనికిరాని సామానులో పడివున్నాయి. ఏకులు తెచ్చి యిచ్చి, వడికిన నూలు కొంటామంటే మేం మళ్ళీ వడుకుతామని ఆ యింటివారు చెప్పారట. అంటే విద్య యెక్కడికీ పోలేదు, అటక యెక్కింది, అంతే. ఆ తర్వాత 1930 ప్రాంతంలో యెరవాడ జైల్లో వున్నప్పుడు గాంధీగారు పెట్టె రాట్నాన్ని తీర్చిదిద్దారు. రెండు చక్రాలూ కదురూ అన్నీ మడిచి పెట్టెలో సర్దవచ్చు, మూతపెడితే సంచీలో పట్టుకుపోవచ్చు. మన వాటాలకు అదే అనువైనది. ఖద్దరు భండారులో వాకబు చేస్తే దొరికే చోటు చెబుతారు. నేర్చుకోవడానికి ముందు తకిలీ చాలు. అది ఒక పుల్ల, దాని కింద ఒక బిళ్ళ. అంతకు మించి యేమీ లేదు.

మొదటి నాలుగు రోజులు దారం తెగుతూనే వుంటుంది. ఒకచోట లావు, ఒకచోట వెంట్రుకలా సన్నం. విసుగు వస్తుంది. ఏకును గట్టిగా నొక్కిపట్టడం వల్లనే అలా అవుతుంది. పిచ్చుక పిల్లను పట్టుకొన్నట్టు వదులుగా పట్టుకోవాలి. మెలిక దానంతట అది దూదిలోకి పాకుతుంది, మీ చెయ్యి దానికి ఒక అడుగు ముందు వెనక్కి జరుగుతూ వుండాలి, అంతే. తెగిన కొసను ముడివేయకండి. కొసను కొంచెం విప్పి, కొత్త దూది పీచు మీద ఆనించి మెలి తిప్పితే అతుక్కుపోతుంది. ఫ్యాను కట్టేసుకోండి, లేకపోతే దూది అంతా కూరగిన్నెల్లోకి యెగురుతుంది. ఎండాకాలం పొడిగాలికి నూలు ఎక్కువ తెగుతుంది. గాలిలో కాస్త తేమ వుంటే పత్తి పీచుకు బలం. అందుచేత వానలు పడటం మొదలైన తర్వాత పట్టుకోవడం మంచిది.

చేయి కుదిరిన రోజు మీకే తెలుస్తుంది. ఒక్కసారిగా దారం చేతిలో నుంచి తనంతట తను సాగి వస్తున్నట్టు వుంటుంది. ఆ గంటసేపు పాలవాడి బాకీగానీ, పిల్లవాడి లెక్కల మార్కులుగానీ గుర్తురావు. నిద్రపోయి లేచినా అంత తేలిక రాదని నా అభిప్రాయం.

నూలు సన్నదనానికి నంబరు వుంటుంది. నంబరు పెరిగినకొద్దీ నూలు సన్నం. 20 నంబరు నూలు ముతకదే. అయినా 100 గ్రాముల తువ్వాలుకు మూడు కిలోమీటర్లకు పైగా నూలు పడుతుంది. కొత్తగా నేర్చుకొన్నవారు గంటకు 100 మీటర్లు తీశారనుకొన్నా 34 గంటల పని. ఇక మన శ్రీకాకుళం జిల్లా పొందూరు స్త్రీలు 100 నంబరు నూలు వడుకుతారు. అంటే గ్రాము దూది నుంచి దాదాపు 170 మీటర్లు! ఆ పత్తిని శుభ్రం చేయడానికి వాళ్ళు వాడే సాధనం యేమిటో తెలుసా? వాలుగ చేప దవడ యెముక. ఆ దవడకుండే సన్నని పళ్ళతో గింజ మీది పీచును దువ్వుతారు. మనం చేపల మార్కెట్టులో పారేసే వస్తువు అక్కడ దువ్వెన అయింది. అంత సన్నపు నూలు మనకు అక్కరలేదు, రాదు కూడాను. ముతకది చాలు.

మగ్గం గురించి యెక్కువ చెప్పను. నిజమైన మగ్గం యిళ్ళలో పట్టదు. నాలుగు చెక్క బద్దీలతో పటం కట్టినట్టు చట్రం చేయించి, కింది బద్దీకీ పై బద్దీకీ పావు అంగుళం యెడంతో మేకులు కొట్టించండి. గట్టి దారాన్ని కిందికీ పైకీ చుడితే అది పడుగు. పిల్లల స్కేలును ఒక పోగు కింద, ఒక పోగు మీద దూర్చి నిలబెడితే దారి తెరుచుకొంటుంది, అందులో నుంచి పేక పంపాలి. తిరుగు వరుసకు స్కేలు పనిచేయదు, వేళ్ళతో యెత్తుకోవాలి. తల దువ్వుకొనే దువ్వెనతో నొక్కితే సరిపోతుంది. పేకకు మీరు వడికిన నూలు వాడవచ్చు, బొంతకు పనికిరాని చీర పీలికలూ వాడవచ్చు. పీలికలతో పీట మీద వేసుకొనే ఆసనాలు చక్కగా వస్తాయి. కొత్తవారు పేకను బిగించి లాగేస్తారు, అంచులు లోపలికి పోయి ఆసనం డమరుకంలా తయారవుతుంది. పేకను కాస్త ఏటవాలుగా, వదులుగా వేసి తర్వాత నొక్కితే అంచు తిన్నగా నిలుస్తుంది. ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లిన చేతులకు ఇది యేమీ కష్టం కాదు.

ఇప్పుడు, సంతోషం వెనక వచ్చేది ఇంకొకటుందన్నాను గదా, అది చెబుతాను. ఆసనం ఒకటి నేసిన తర్వాత మీరు నేతచీరను చూసే చూపు మారిపోతుంది. అంగుళానికి 80 పోగుల చొప్పున నేసిన మామూలు నూలుచీర తీసుకోండి. పడుగూ పేకా కలిపితే అందులో దాదాపు 40 కిలోమీటర్ల నూలు వుంటుంది. దాన్ని నేయడానికి నాడె అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ 17,000 సార్లకు పైగా వెళ్ళాలి. ఇవి యెవరో చెప్పిన అంకెలు కావు, కాగితం మీద మీరూ వేసి చూసుకోవచ్చు. మంగళగిరిది కానివ్వండి, వెంకటగిరిది కానివ్వండి, నారాయణపేటది కానివ్వండి, చేతితో నేసిన ప్రతి చీరా అలాంటి లెక్కే.

మన వీధిలోకి మూట భుజాన వేసుకొని నేతచీరలవాడు వస్తాడు. ఆయన రెండు వేలంటాడు. మనం వెయ్యి దగ్గర మొదలుపెడతాం. బేరం మన జన్మహక్కు, కాదనను. కానీ పెద్ద కొట్లో ధర చీటీ అంటించిన చీరకు నోరెత్తకుండా డబ్బు లెక్కపెట్టి, గుమ్మంలో నిలబడ్డ మనిషి దగ్గర మాత్రం రూపాయి రూపాయికీ పేచీ పెట్టడం యేం న్యాయం? ఇంకొక సంగతి కూడా వున్నది. నేతగాడికి మజూరీ ముట్టేది నేసిన చీరకు. కానీ ఆ యింట్లో నూలు తోడటం, కండెలు చుట్టడం, పడుగుకు సిద్ధం చేయడం చాలావరకు ఇల్లాలు చేస్తుంది, పిల్లల్ని చూసుకొంటూ, వంట చేసుకొంటూ. దానికి వేరే మజూరీ వుండదు. పనిచేసినట్టు లెక్కే వుండదు. లెక్కలోకి రాని పని అంటే యేమిటో మనకు యెవరైనా చెప్పాలా? అందుకని ఆయన ధర చెప్పినప్పుడు ఆ 17,000 ఒక్కసారి తలుచుకోండి. తర్వాత మీ యిష్టం. నేను మాత్రం ఒక మాట కన్నా యెక్కువ బేరమాడటం మానేశాను. ఒక మాట అడుగుతాను, అలవాటు పోదు గదా.

ఎవరైనా మొదలుపెట్టేటట్లయితే బొంతతో మొదలుపెట్టండి, సామాను అంతా యింట్లోనే వుంటుంది. బొంతను మిషనులో వేసి వుతకకండి, నానితే బరువెక్కి కుట్లు తెగుతాయి. బకెట్టులో సబ్బునీళ్ళతో కాళ్ళతో తొక్కి, పిండకుండా పిట్టగోడ మీద వేయండి. నూలు మొదలుపెట్టినవారు మొదటి వారం వడికిన గతుకుల నూలును పారేయవద్దు. దానికంటె మంచి పేక ఆసనానికి దొరకదు, ఆ గతుకులే అందం. అప్పటికీ మిగిలితే దీపంలో వత్తికి పనికొస్తుంది. సెలవు.